రహదారి మర్యాద

రహదారి అనే మాట మన నోళ్ళలో నిత్యం నలుగుతూ ఉంటుంది. దాని పుట్టు పూర్వోత్తరాలు ఎవరూ అడగరు. పారసీకంలో 'రాహ్' అంటే బాట. 'దార్' అంటే కలిగినవాడు, పట్టి ఉంచేవాడు. తహసీల్దారులోనూ, హవల్దారులోనూ ఉన్న 'దారు'యే ఇక్కడా ఉన్నది. బాటకు కాపు ఉండి, బాటసారులను దొంగల బారినుండి కాపాడి, క్షేమంగా ఆవలికి దాటించవలసిన ఉద్యోగి రాహ్‌దారు. అందుకు వసూలు చేసే సుంకం రాహ్‌దారీ. మొగలాయీల కాలంలో వర్తకులకు ఈ సుంకం పెద్ద భారంగా ఉండేది. తరువాత తరువాత, బాట దాటడానికి ఇచ్చే అనుమతి చీటికి కూడ ఆ పేరు వచ్చింది. చివరకు కాపరి పోయాడు, చీటి పోయింది, బాట ఒక్కటే మిగిలింది. ఈనాడు తెలుగువారికి రహదారి అంటే పెద్ద రోడ్డు, అంతే. సుంకం మాత్రం టోల్ గేటు రూపంలో చిరంజీవిగా ఉన్నదనుకోండి!

మా కళాశాల పత్రికలో ఉర్దూ పుటలు కుడివైపు నుండి, తెలుగు పుటలు ఎడమవైపు నుండి మొదలవుతాయి. ఎదురెదురుగా బయలుదేరి నట్టనడుమ కలుసుకొంటాయి. ఇన్ని సంవత్సరాలలో అవి ఒకదానినొకటి ఢీకొన్నట్లు వినలేదు. ఒకరికొకరు చోటిచ్చుకోవడం తెలిసినందువల్లనే ఇది సాధ్యమైనదని నా నమ్మకం. ఆ గుణం రహదారి మీద ఎందుకు కరువవుతున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందులోనూ ముఖ్యంగా, ముందు పోయే బండికి తోక పట్టుకొన్నట్లు అంటుకొని వచ్చే వెనుక బండివాని సంగతి చెప్పదలచాను.

ఈ విషయం నేను పుస్తకాలలో చదివి తెలిసికొన్నది కాదు. నాలుగు సంవత్సరాలుగా మా అమ్మీని గుండె వైద్యం కోసం నెలకొకమారు కర్నూలు నుండి హైదరాబాదుకు తీసికొని వెళుతున్నాను. దూరం సుమారు 210 కిలోమీటర్లు. పూర్వం ఏడవ నెంబరు జాతీయ రహదారి అని పిలిచేవారే, అదే ఇది. 2010లో నెంబర్లు మార్చిన తరువాత 44 అయింది. శ్రీనగరం నుండి కన్యాకుమారి దాకా సాగే ఆ మహామార్గంలో మా వంతు ఈ చిన్న ముక్క. తెల్లవారుజామున నమాజు ముగించుకొని బయలుదేరుతాము. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అలంపురం చౌరస్తా, ఎర్రవల్లి, బీచుపల్లి వద్ద కృష్ణమ్మ, పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్. ఒకే ఉదయం రెండు నదులను దాటించే దారి ఇది. చూడగలిగినవానికి ఎంతో అందమైనది. కాని చూడనిచ్చేదెవరు? కన్ను ఎప్పుడూ వెనుక అద్దం మీదనే ఉండవలసి వస్తున్నది.

ఇన్ని ప్రయాణాలలో నాకు తారసపడిన మహానుభావులను కొన్ని తెగలుగా విభజించుకొన్నాను. అధ్యాపకుడను గనుక వర్గీకరణ నాకు అలవాటు. మొదటి తెగవారు జమీందారులు. కుడి వరుస తమ తాతల నాటి ఇనాము అన్నట్లు, అందులో నలభై కిలోమీటర్ల వేగంతో తాపీగా సాగుతుంటారు. ఎడమ వరుస ఖాళీగా ఉన్నా అటు కన్నెత్తి చూడరు. రెండవ తెగవారు సూర్యవంశీయులు. ఎదురుగా ఎవరు వస్తున్నా సరే, పెద్ద లైటు దించరు. ఎదుటివాని కళ్ళు బైర్లు కమ్మితే అది వారి ప్రతాపం. మూడవవారు నాదోపాసకులు. హారను మీద చేయి వేసిన తరువాత తీయడం మరచిపోతారు. నాల్గవవారు ప్రతిలోములు. అర కిలోమీటరు ముందుకు పోయి తిరిగి రావడం దండుగని, ట్రాక్టరునో మోటారు సైకిలునో ఎదురు దిశలో తోలుకొని వస్తారు. దీనినే జనం రాంగ్ రూట్ అంటారు.

అయిదవ తెగవారు ఛాయాపురుషులు. అన్నిటికంటె ప్రమాదకరమైనవారు వీరే. మన బండి వెనుక పది అడుగుల దూరంలో, మన నీడ మాదిరిగా వస్తుంటారు. మనం వేగం పెంచితే పెంచుతారు, తగ్గిస్తే లైట్లు మిణుకు మిణుకుమనిపిస్తారు. నిజమైన నీడకూ వీరికీ భేదమొక్కటే. నీడ మన మీద పడినా దెబ్బ తగలదు.

పది అడుగులు చాలవా అని అడిగే విద్యార్థులున్నారు. వారికోసం కొంచెం లెక్క చెబుతాను. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. ముందు బండి బ్రేకు దీపం వెలగడం మన కంటబడి, మెదడు గ్రహించి, కాలు కదిలి, బ్రేకు మీద పడేసరికి ఎంత చురుకైనవానికైనా ఇంచుమించు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు ఇంకా అందుకోకమునుపే మన బండి 25 మీటర్లు ముందుకు పోయింది. పది అడుగులంటే మూడు మీటర్లు. ఆ వేగంలో మూడు మీటర్లు దాటడానికి పట్టేది సెకనులో ఎనిమిదవ వంతు. రెప్పపాటులో ఏ వీరుడు బ్రేకు వేయగలడు? ఇక వేగం రెట్టింపయితే, బ్రేకు పడిన తరువాత బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. రోడ్డు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. బరువెక్కిన లారీకి మరీ ఎక్కువ. అందుచేతనే తెలిసినవారు రెండు బండ్ల నడుమ కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలంటారు. 90 కిలోమీటర్ల వేగంలో అది 50 మీటర్లు.

ఇది కేవలం పెద్దల హితవు కాదు, శాసనం కూడ. 1989 నాటి రోడ్డు నియమాలలోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన వాహన చోదన నిబంధనలలోనూ ఈ మాట ఉన్నది. ముందు బండి హఠాత్తుగా నెమ్మదించినా, ఆగినా, దానిని తాకకుండా ఆగగలిగినంత ఎడం ఉంచవలసిన బాధ్యత వెనుకవానిది. లైసెన్సు తీసికొన్న ప్రతివాడూ ఈ నియమానికి తల ఒగ్గినవాడే. కాని లైసెన్సు జేబులోనూ నియమం గాలిలోనూ ఉండిపోతున్నవి.

ఫలితం ప్రభుత్వం వారి లెక్కలలోనే ఉన్నది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల మరణించినవారు 1,68,491 మంది. సగటున రోజుకు 460 మందికి పైగా. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీద పోయినవారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం మాత్రమే. ప్రమాదం జరిగిన తీరును బట్టి పద్దులు రాసినప్పుడు, ఆ ఏడు అన్నిటికంటె పెద్ద పద్దు వెనుకనుండి ఢీకొన్నవే. మొత్తం ప్రమాదాలలో అయిదవ వంతుకు పైగా అవే. యుద్ధం లేకుండ, కరువు లేకుండ, అంటువ్యాధి లేకుండ, కేవలం ఎడం లేక ఇందరు గాయపడుతున్నారు, ఇందరు చనిపోతున్నారు.

మా దారి కూడ ఈ దుఃఖానికి దూరం కాదు. 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున, కొత్తకోట సమీపంలో పాలెం వద్ద, బెంగుళూరు నుండి హైదరాబాదు పోతున్న బస్సు ఒకటి కారును దాటబోయి కల్వర్టును ఢీకొని తగులబడింది. నలభై అయిదుగురు ఆహుతైపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును ఒక బస్సు ఈడ్చుకొని పోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు బస్సులోనే కాలిపోయారు. పాలెం దాటేటప్పుడు మా అమ్మీ మాట్లాడుతున్న మాట ఆపి, పెదవులు కదుపుతూ ఫాతిహా చదువుకొంటుంది. ఆ చనిపోయినవారెవరో ఆమెకు తెలియదు. వారి కులమేదో మతమేదో ఆమె అడగదు. హమ్‌సఫర్‌లు, అంటే తోడి బాటసారులు, అంతే.

అమ్మీ ప్రసక్తి వచ్చింది గనుక ఒక సంగతి చెబుతాను. నిరుడు వానకాలంలో ఒకనాడు జడ్చర్ల దాటి పోతున్నాము. సన్నని తుంపర. ఎడమ వరుసలో రెండు లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతుంటే, వాటిని దాటడానికి నేను కుడి వరుసలో ఉన్నాను. ఇంతలో వెనుక అద్దం నిండా ఒక పెద్ద తెల్లని కారు. దాని ముందు దీపాలు తప్ప నాకు ఆకాశం కూడ కనిపించడం లేదు. దీపాలు వెలిగిస్తున్నాడు, ఆర్పుతున్నాడు, హారను మ్రోగిస్తున్నాడు. ఎడమకు పోదామంటే లారీ ఉన్నది. కుడికి పోదామంటే డివైడరు ఉన్నది. ఎగిరిపోవడానికి రెక్కలు లేవు. మనిషికి కోపం వచ్చేది ఇటువంటి చోటనే. ఒక్కసారి బ్రేకు మీద కాలు మోపి వానికి బుద్ధి చెబుదామని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆ పాఠానికి ఫీజు కట్టవలసినది వెనుక సీటులో కూర్చున్న అమ్మీ. నేను అదే వేగంతో లారీలను దాటి, ఇండికేటరు వేసి, నెమ్మదిగా ఎడమకు తప్పుకొన్నాను. అతడు మా పక్కనుండి దూసుకొని పోతూ, కిటికీలోనుండి నన్ను ఉరిమి చూసి పోయాడు.

అమ్మీ తస్బీహ్ పూసలు తిప్పడం ఆపి, "జానే దే బేటా. ఉసే కాయ్‌కీ జల్దీ హై కీ" అన్నది. పోనీయి నాయనా, వానికేమి తొందరో ఏమో అని. అంతటితో ఆగక, "యా అల్లాహ్, ఆ పిల్లవాణ్ణి క్షేమంగా చేర్చు" అని చేతులెత్తింది. నాకు నవ్వు వచ్చింది. కొంతసేపటికి రాయికల్ టోల్ గేటు వచ్చింది. వరుసలో మాకు సరిగ్గా రెండు బండ్ల ముందు ఆ తెల్లని కారే నిలబడి ఉన్నది! ఇంత ఆర్భాటం చేసి ఇతడు సంపాదించినదేమిటని నేను నోరు తెరవబోయాను. అమ్మీ ముందే చూసి ముఖం వికసించగా, "దువా ఖబూల్ హో గయీ" అన్నది. ప్రార్థన ఫలించిందట! నేను చూసినది ఒక ఓటమిని. ఆమె చూసినది ప్రాణాలతో మిగిలిన ఒక మనిషిని. తరువాత మేము ఆ సంగతి మాట్లాడుకోలేదు.

తొందరపడి సంపాదించేదేమిటో లెక్క వేసి చూడండి. ముప్ఫై కిలోమీటర్ల దూరాన్ని 80 వేగంతో పోతే ఇరవై రెండున్నర నిమిషాలు. 100 వేగంతో పోతే పద్దెనిమిది నిమిషాలు. లాభం నాలుగున్నర నిమిషాలు. డాబాలో చాయ్ చల్లారేటంత కాలం. దీనికోసమా మనిషి ముందువాని వీపు మీద ఎక్కి స్వారీ చేయడం?

అయితే తప్పంతా వెనుకవానిదే అంటే న్యాయం కాదు. కుడి వరుసను కదలనీయని జమీందారులు ఎందరిని ఛాయాపురుషులుగా మారుస్తున్నారో నేను కళ్ళారా చూశాను. దాటడం పూర్తయిన తరువాత ఎడమకు తిరిగి రావడం ముందువాని ధర్మం. అట్లే, రాత్రంతా నిద్ర లేక బండి నడిపే అద్దె డ్రైవరు సొంత తొందర మీద నడపడం లేదు. అతని చెవిలో యజమాని ఫోను మ్రోగుతూ ఉంటుంది. సరుకు చేరవలసిన గడియ అతడు పెట్టుకొన్నది కాదు. అతని నిద్రలేమి నుండి లాభం పొందేవారు మరెక్కడో హాయిగా నిద్రపోతుంటారు. ఈ సంగతి తెలిసిన తరువాత లారీవానిని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. కాని నిద్ర చాలినవాడు, సొంత కారు కలవాడు, చదువుకొన్నవాడు చేసే దౌర్జన్యానికి ఈ సమాధానం చెల్లదు.

ఇప్పుడు నా మనసులో చాలకాలంగా ఉన్న మాట. మూడు సంవత్సరాల క్రితం రెండవ సంవత్సరం బి.కాం. తరగతిలో నాకొక విద్యార్థి ఉండేవాడు. రహదారి పక్క పల్లెనుండి రోజూ మోటారు సైకిలు మీద వచ్చేవాడు. తెలుగులో పెద్ద ప్రతిభ కలవాడు కాడు. కాని పద్యం చదవమంటే సిగ్గుపడకుండ గొంతెత్తి చదివేవాడు. ఒకనాటి సాయంత్రం ఇంటికి పోతుండగా గొర్రెల మంద అడ్డు వచ్చింది. అందరు బుద్ధిమంతుల వలెనే అతడు బండి నెమ్మది చేశాడు. వెనుకనే అంటుకొని వస్తున్న కారుకు నెమ్మది చేసే వ్యవధి లేకపోయింది. అంతే జరిగింది.

మరునాడు తరగతిలో హాజరు పిలుస్తూ పిలుస్తూ అతని సంఖ్య దగ్గరకు వచ్చాను. పిలువలేను. పిలువకుండ తరువాతి సంఖ్యకు పోనూ లేను. కొంచెంసేపు ఆగాను. తరగతిలో ఎవరూ తల ఎత్తలేదు. ఆ ఆగినది రెండు సెకన్లో, మూడు సెకన్లో. అతని వెనుక వచ్చినవాడు అతనికి ఇవ్వవలసి ఉన్నది కూడ సరిగ్గా అంతే. ఆ నాటినుండి రెండు బండ్ల నడుమ ఎడం నాకు ఖాళీ జాగాగా కనిపించడం లేదు. అది ముందువాని ఆయుర్దాయంలో ఒక భాగం. అది అతని సొత్తు. వెనుకవాని వద్ద అమానత్‌గా, అనగా నమ్మి అప్పగించిన సొమ్ముగా ఉన్నది. దానిని కాజేసినవాడు దొంగ కాక మరేమిటి?

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది ఇప్పటికే బండ్లు నడుపుతున్నారు. నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. ముందు బండి ఒక కిలోమీటరు రాయినో, దీపస్తంభాన్నో దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని మనసులో అనుకోండి. అది పూర్తి కాకముందే మీరు ఆ రాయిని చేరితే మీరు మరీ దగ్గరగా ఉన్నారన్నమాట. వానలోనూ మంచులోనూ మరో రెండు కలపండి. మీ వెనుక ఎవడైనా అంటుకొని వస్తుంటే వేగం పెంచకండి, హఠాత్తుగా బ్రేకు వేయకండి, చేయి ఊపి తిట్టకండి. మీ ముందు ఎడాన్ని ఇంకొంచెం పెంచుకోండి. అప్పుడు మీరు ఆగవలసి వచ్చినా మెల్లగా ఆగవచ్చును, వెనుకవానికి కూడ వ్యవధి దొరుకుతుంది. అతడు మర్యాద ఇవ్వకపోతే అతని వాటా మర్యాద కూడ మీరే చూపడమన్నమాట. సందు దొరకగానే ఇండికేటరు వేసి ఎడమకు తప్పుకొని పోనివ్వండి. అతనితో పందెం వేయకండి, బండి ఆపి తగాదాకు దిగకండి. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033కు ఫోను చేయండి. అంబులెన్సుకు 108 ఉండనే ఉన్నది.

ఎడమిస్తే మరొకడు వచ్చి దూరుతాడు గదా అని మీరంటారు. నిజమే, దూరుతాడు. అప్పుడు మళ్ళీ వెనుకకు తగ్గి మళ్ళీ ఎడమివ్వండి. హైదరాబాదు చేరేలోగా ఇరవైమంది దూరినా మీరు పోగొట్టుకొనేది ఒకటి రెండు నిమిషాలకు మించదు.

లక్నో నవాబుల కథ ఒకటి మన పెద్దలు నవ్వుతూ చెబుతారు. ఇద్దరు నవాబులు స్టేషనులో "పహలే ఆప్", "పహలే ఆప్" అని ఒకరినొకరు మర్యాద చేసికొంటూ ఉండగానే రైలు వెళ్ళిపోయిందట. ముందు తమరు, ముందు తమరు అంటూ. కథ విని మనం నవ్వుతాము. నవ్వవలసినదే. కాని ఆ నవాబులిద్దరూ రైలు తప్పినా చక్కగా ఇంటికి చేరి ఉంటారు. "పహలే మై" అంటూ బయలుదేరిన వారందరి విషయంలో ఈ మాట చెప్పగలమా?

రాహ్‌దారు అనే పాత ఉద్యోగం రద్దయి ఎంత కాలమైనదో! ఈనాడు బాట మీద దొంగల భయం తగ్గింది. బాటసారికి బాటసారి భయమే పెరిగింది. సర్కారువారు ప్రతి మైలుకూ ఒక కాపరిని నియమించలేరు. కనుక ఆ ఉద్యోగం మనమే చేయవలసి ఉన్నది. చక్రం చేత పట్టిన ప్రతివాడూ తన ముందున్న యాభై మీటర్ల మేరకు రాహ్‌దారే. ఆ యాభై మీటర్లను జాగ్రత్తగా కాపాడి, ముందు పోయేవానిని క్షేమంగా ఇల్లు చేరనివ్వడమే అతని కొలువు.